పొలమారింది

మెహరాజ్‌బీ వేలు కాలుతున్న సంగతి
మొదట ఆమె ముక్కుకి తెలిసింది.
కమురు వాసన వస్తే
కూర మాడిందనుకుని లేవబోయిందట.
లక్క కరిగించే పెనం మీద
వేలు అలాగే ఉంది.

మా లెక్కలో ఆమె పదిహేడు.
ఇరవై మూడు మందిలో పదిహేడు.
వేలి కొసన చురుక్కుమనిపించి
మణికట్టు దగ్గర తీగ పెట్టుకుని
కాచుకు కూర్చునేవాణ్ణి నేను.
సెకనుకి యాభై మీటర్లు పరుగెత్తి రావాలి.
ఆమెది ముప్పై ఒకటి.
వాన రోజు అఫ్జల్‌గంజ్‌లో ఇరుక్కున్న బస్సులా
కబురు బయల్దేరింది గానీ
ఇంటికి రాదు.
తెరమీది గీతను చూసి
"ఇంకోసారి" అన్నారు డాక్టర్ వసుమతి గారు.
ఇంకోసారీ ముప్పై ఒకటే.

లాడ్ బజారు వెనక గల్లీలో ఒక్క గది.
తలుపేసుకుని గాజులకు రాళ్ళతికే ఆరుగురు ఆడవాళ్ళు.
ఆ జిగురు ఆవిరే నరాల్ని కొరుకుతోందని తేల్చడానికి
ఆవిడకు నాలుగేళ్ళు పట్టింది.
ఢిల్లీలో వచ్చిన ఉద్యోగమొకటి
ఈలోగా ఇంకెవరికో వెళ్ళిపోయింది.

వ్యాసం అచ్చయింది.
చివర, చీమ తలకాయంత అక్షరాల్లో
కృతజ్ఞతల కింద నా పేరు.
ఇంటిపేరు తప్పు.

తర్వాత అంకె మొదలైంది.
ఆరు. పందొమ్మిది. ఎనభై.
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒకాయన మమ్మల్ని తలిచాడు.
చెప్పుల కార్ఖానాల గురించి రాస్తూ ఒకావిడ తలిచింది.
చదవకుండా తలిచినవాళ్ళూ ఉన్నారు, తెలిసిపోతుంది,
మా ఇరవై మూడుని ముప్పై రెండు చేశారు.
ఒక పెద్దమనిషి మా పద్ధతే తప్పని
మూడు పేరాలు తిట్టిపోశాడు.
"అదీ కలుస్తుంది సార్,
తిట్టినా లెక్కలోకే" అని నవ్వాడు
రీసెర్చ్ చేసే కళాధర్.

నాలుగొందలు దాటిన రోజు
డైరెక్టరు గారు తార్నాక బేకరీ నుంచి కేకు తెప్పించారు.
ఎండకి చివరి సున్నా కాస్త కారింది.
ఆ రోజే మెహరాజ్‌బీ పరీక్షకొచ్చింది.
బురఖాలోంచి పది వేళ్ళూ తీసి
ఎవరి దగ్గరో అరువు తెచ్చినట్టు
బల్ల మీద పెట్టింది.
"ఏం పండగమ్మా?" అంది.
నీ చేతి గురించి నాలుగొందల మంది రాశారు మెహరాజ్,
అన్నారు వసుమతి గారు.
ఆమె కాసేపు ఆలోచించింది.
"గందుకేనా,
బువ్వ తింటుంటే ఊకె పొలమారుతున్నది?"

గదంతా నవ్వింది.
ఆవిడ నవ్వలేదు.
మెహరాజ్‌బీ కూడా.
"గంతమందిలో ఒక్కరన్న
మా ఖిడ్కీ ముచ్చట రాసిండ్రా?"

ఖిడ్కీ.
దుమ్ము పడితే రాళ్ళ మెరుపు పోతుందని
సేఠ్ ఇటుకలు పెట్టి మూయించాడు. ఏడేళ్ళయింది.
మా వ్యాసం పదకొండో పేజీలో
గదికి గాలి ఆడాలని ఒక వాక్యం ఉంది.
నేనే టైపు చేశాను.
నాలుగొందల మందిలో
ఆ వాక్యాన్ని ఎత్తి చూపినవాళ్ళు లేరు.
మేమూ చూపలేదు.

శనివారం ఆవిడా నేనూ గల్లీకి వెళ్ళాం.
సేఠ్‌తో గంటన్నర. మూడు ఛాయ్‌లు.
ఆవిడ సంచిలో వ్యాసం ఉంది, బయటికి తీయలేదు.
జిగురు డబ్బా మూత విప్పి
ఆయన ముందు పెట్టి
మాట్లాడకుండా కూర్చున్నారు.
నాలుగో ఛాయ్‌తో పాటు సుత్తి వచ్చింది.
మొదటి ఇటుక ఊడిన చోట
ఎండ పలకలా లోపలికి వాలింది.
ఆరుగురూ కళ్ళు చికిలించారు.

ఎనిమిది నెలలకి, ముప్పై నాలుగు.
యంత్రం తప్పేమోనని తీగలు మార్చి చూశాను.
ముప్పై నాలుగే.
అఫ్జల్‌గంజ్ దాటలేదు గానీ
బస్సు కదిలింది.
ఎడమ చిటికెన వేలికి మాత్రం
ఇప్పటికీ ఏమీ తెలియదు.
ఆవిడ ఇంకా రాయలేదు.
ఒక్క చేత్తో ఏం తేలుతుంది,
ఇంకో ఇరవై కిటికీలు కావాలంటారు.

నిన్న మధ్యాహ్నం నాకు పొలమారింది.
కళ్ళమ్మట నీళ్ళు.
కారం ఎక్కువైందేమో అనుకున్నాను.
డబ్బాలో ఉన్నది
పెరుగన్నం.