కంటి గట్టు మీద

ముప్పయ్యేళ్లుగా నా లోకం
రూపాయి బిళ్లంత.
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో
కుడి కంటికి భూతద్దం బిగించుకుని
వాచీల పొట్టలు విప్పుతుంటాను.
ఎడమ కన్ను మూసే ఉంటుంది,
అద్దెకివ్వని గదిలాగా.

మృగశిర తొలివాన పడ్డ తెల్లారి
వజ్రకరూరు చేలల్లో రాళ్లేరడానికి
ఊళ్లకూళ్లు కదుల్తుంటే నేనూ ఆటో ఎక్కాను.
అప్పుంది మరి.
వాచీలు ఎవరు కట్టుకుంటున్నారిప్పుడు?

ఎర్రమట్టి మీద వందమంది వంగి ఉన్నారు,
అందరిదీ ఒకే వస్తువు పోయినట్టు.
నేనూ వంగాను.
ఒక్కొక్క రాయినీ స్ప్రింగు పరీక్షించినట్టు పరీక్షించాను.
మధ్యాహ్నానికి మెడ పట్టేసింది.
జేబులో పదకొండు పలుగురాళ్లు,
కళ్లలో నీళ్లు.

పక్క సాలులో వన్నూరమ్మ నవ్వింది.
"అట్ల గుడ్లప్పగించి సూస్తే రాయి సిగ్గుపడ్తాది ప్పా.
ఆ గాలిమర కంబం సూడు. సూపు ఆడనే పెట్టు.
ఆడ పెట్టి, ఆడ సూడొద్దు."

మరి ఎక్కడ చూడాలి?

"యాడా వద్దు. చేనికి గట్టుండ్లా,
అట్లనే కంటికీ ఉంటాది.
గట్టు మింద కూకో. వచ్చేటివి వస్తాయి."

చిన్నప్పుడు గొర్లు కాసిందట.
తోడేలు ఎప్పుడూ ఎదురుగా రాదట,
కంటి కొసకే వస్తుందట.
వెతికేవాళ్లకు కనపడదట.

గాలిమర కంబం.
తెల్లగా, పొడుగ్గా, మూడు చేతులతో
ఎవరినీ పిలవకుండా పిలుస్తూ.
మొదట ఏమీ రాలేదు. బాకీ వచ్చింది.
బాకీ వెనకాల చెవి దగ్గరికి ఈగ వచ్చింది.
తర్వాత, నుదుటి ముడిని ఎవరో మెల్లగా విప్పినట్టు,
ఎడమ వైపు ఒక నలుపు కదిలింది, గొడుగు కాకముందటి నలుపు.
కుడి వైపు ఒక తెలుపు, ఇంకా మేక కానిది.
కింద నా మోకాళ్లు.
పైన మబ్బు, మబ్బుకు నా కనుబొమలే చూరు.
దేనికీ పేరు పెట్టలేదు, దేన్నీ పట్టుకోలేదు.
ఊపిరి ఎప్పుడు నెమ్మదించిందో
టైం చూసుకోలేదు నేను.

నాలుగు ఊపిర్లు, మహా అయితే ఐదు.
అంతలో కుడి కొసన ఏదో తళుక్కుమంది.
తిప్పేశాను తల.

గాజుముక్క. ఆకుపచ్చది. ఏ చేతిదో.
చేనంతా మళ్లీ రూపాయి బిళ్ల అయిపోయింది.

వన్నూరమ్మ నా వైపు తిరగనే లేదు.
"పాయె. మళ్ల కూకో" అంది.

పొద్దు గుంకే దాకా ఆమెకూ ఏమీ దొరకలేదు.
పదేళ్ల కింద ఒకటి దొరికిందంట కదా అని అడిగితే
"కందిగింజంత. సావుకారి తిన్యాడు" అని
కొంగు ముడి విప్పి
వేయించిన శెనక్కాయలు నా దోసిట్లో పోసింది.
"ఇప్పుడు నేను దానికి రాన్లే."
మరి దేనికి వస్తావో అడగలేదు.
ఆటో వాడు హారన్ కొడుతున్నాడు.

అంగట్లో ఇప్పుడూ అదే భూతద్దం, అదే అప్పు.
కానీ మూడింటి వేళ, బళ్లారి బండి వెళ్లిపోయి
గోడలు వణకడం మానుకున్నాక,
అద్దం తీసి
ఎదురుగోడ మేకు మీద చూపు ఆనించి వదిలేస్తాను.
కుడీ ఎడమా గోడ గడియారాలు,
పంతొమ్మిది లోలకాలు, ఎవరి టైం వాళ్లది,
అన్నీ ఒకేసారి ఊగుతూ వస్తాయి,
తోలకుండానే ఇల్లు చేరే మందలాగా.
కొన్నాళ్లు రావు. మేకు మేకులాగే ఉంటుంది.

నిన్న ఆ ఊగులాటకు అవతల,
గట్టు చిట్టచివర,
కదలనిదొకటి కనిపించింది.
ఖాసింపీరా. పని నేర్చుకుంటున్న పిల్లోడు.
మూడేళ్లుగా నా మోచేతి పక్కనే కూర్చుంటాడు.
వాడికింకా అద్దం ఇవ్వలేదు నేను.
అయినా వాడు
ఎడమ కన్ను గట్టిగా మూసుకుని ఉన్నాడు.

మేకు మీంచి చూపు తీయకుండానే అన్నాను,
"రెండూ తెరువు రా."