ముందు గాలి

ఆరుసార్లు తోకలోంచి మంట కక్కింది.
ఏడోసారి నా కనుబొమలు తీసుకుంది.

బుడితిలో, కంచు కొలుముల వెనక, రేకుల షెడ్డులో
పాత లారీ టర్బో ఒకటి, ఆరంగుళాల స్టీలు గొట్టం,
లోపల నూటపదహారు చిల్లుల డబ్బా.
ఆ అంకె లెక్క కట్టి పెట్టింది కాదు,
చదివింపుల అంకె కదా, కలిసొస్తుందని
కూర్మన్న పొడిచినవి.

"జెట్టింజనంటే ఏటి బావా" అని ఎవరడిగినా
అతనిది ఒకటే జవాబు:
"గాలిని మింగి, నమిలి, కాల్చి, ఉమ్మడం."
నమలడం దాకా వచ్చాం.
ఉమ్మడమే, ఎప్పుడూ మా మీదికి.

పక్క కొలిమిలో గంటలు పోసే అసిరమ్మ
పొగలోంచి వచ్చి
మాడిన బొప్పాయి చెట్టుని చూసి, మమ్మల్ని చూసి,
"నిప్పుని ముందు పిలిసి గాలిని ఎనకాల రమ్మంటే
సుట్టాలు ముందొచ్చి బియ్యం తరవాతొచ్చినట్టు గాదేటి?
నా తిత్తి సూడు. ముప్పై ఊపులు ఒట్టి గాలే.
కొలిమి కళ్ళు తెరిసినాకే నిప్పు."

మర్నాడు పలాసలో మూతపడ్డ జీడిపప్పు బట్టీ నుంచి
బ్లోయరు తెచ్చాం, బస్సు టాపు మీద.
కూర్మన్న కుళాయి మీద అరచెయ్యి మూసి కూచున్నాడు
తన్ని తానే నమ్మనట్టు.
నేను సూది చదివాను:
రెండు వేలు. ఆగు.
ఐదు. ఆగు.
తొమ్మిది వేలకు ఈలలో జీర పోయింది.
అప్పుడు ప్లగ్గు టిక్కుటిక్కు, చిటికెడు వంటగ్యాసు.
బుస్సుమనలేదు. నీలంగా, లోపలే అంటుకుంది.
తర్వాత కిరసనాయిలు, బాలింతకు పథ్యం పెట్టినట్టు.
ఇరవై ఎనిమిది వేల దగ్గర బ్లోయరు గొట్టం లాగేశాను.

పడిపోలేదు.
సైకిలు వచ్చేసిన పిల్ల వెనక్కి చూడనట్టు
మమ్మల్ని చూడలేదు.

బతకడం వేరు, తోయడం వేరు.
కళింగపట్నం చేపల కాటా కట్టి చూస్తే
నాలుగు కిలోలు. ముల్లు సిగ్గుపడి ఆగిపోయింది.
"మూతి ఎడల్పు ఎక్కువ." మళ్ళీ అసిరమ్మే.
కంచుతో పోసిస్తావా అంటే నవ్వింది:
"నీ ఏడికి నా కంచు జారిపోద్ది గుంటా.
అచ్చిత్తాను, రేకు నువ్వు సూసుకో."

ఆమె మట్టి అచ్చు మీద
చిల్లుపడ్డ పాలక్యాను విప్పి, మెత్తగా కొట్టి చుట్టాం.
మరీ బిగిస్తే ఢమ్మని దగ్గింది,
మింగిన గాలి ముందు నోట్లోంచే కక్కింది.
వేలెడు విప్పాం. దగ్గింది.
ఇంకో అరవేలు.

ముల్లు తొమ్మిది దాటి వణికింది.
ఓ పెద్ద కోనాం చేప బరువు. అంతే.
దానికే కూర్మన్న చేతికందిన గుడ్డతో మొహం తుడుచుకుని
ఇంకా నల్లగా తేలాడు.

ఏదీ ఎగరలేదు. ఎగరాల్సింది ఇంకా కట్టనే లేదు.
ఎదురింటి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయని తగువొకటి,
బేరింగులో నూనె మాడిన వాసన.

కుళాయి కట్టేశాక కూడా
ఆ చక్రం చాలాసేపు తిరిగింది చీకట్లో.
అసిరమ్మ తల వంచి వింటోంది,
కొత్తగా పోసిన గంటని వేలితో మీటి
పగులుందేమోనని విన్నట్టు.