గుట్ట పోరంబోకు

ఉదయగిరి తహశీల్దారాఫీసు ఎదురుగా నా జిరాక్సు కొట్టు.
సోమవారం షట్టరెత్తేసరికే మెట్టు మీద మాలకొండయ్య,
చెప్పులకు ఎర్రమట్టి, సంచిలో అర్జీ.

గద్దలబోడు మీద
కలివి ఏ వాలున కాస్తుందో,
ఎలుగు ఏ గుహలో పిల్లల్ని పెట్టిందో,
రోహిణి ఎండలో కూడా
ఏ బండ కింద చెమ్మ ఆరదో
సర్వే నంబర్లు చదివినట్టు చెబుతాడు.

రికార్డులో ఉన్నది ఒకటే ముక్క:
గుట్ట పోరంబోకు.
క్రషర్ వాళ్లు ఆయన్ని తిట్టేదీ
అందులో సగం మాటతోనే.

మొన్న ప్రజాభిప్రాయ సేకరణ.
షామియానా, మజ్జిగ ప్యాకెట్లు,
ముందు వరసలో లారీల ఓనర్లు.
మైకులో అడిగాడు ఆఫీసరు:
"పెద్దాయనా, ఆ కొండకు నువ్వేమవుతావు?"
చాలాసేపు నిలబడ్డాడు.
పెద్ద మాటేదో వస్తుందని మేం చూస్తున్నాం.
"కిందుంటాన్సార్" అన్నాడు.
కొందరు నవ్వారు.

నా స్లాబులో కలిసిన కంకర ఏ గుట్టదో
ఆయనకు తెలుసు.
ఎన్నడూ ఎత్తలేదు.
నాలుగు కాపీలు, ఎనిమిది రూపాయలు,
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెడతాడు.

ఇది ఇరవై మూడో అర్జీ.
టోనరు అయిపోవచ్చిందేమో,
కొండ అన్నచోట మసగ్గా పడింది.
పర్లేదులే అన్నాడు.
చింపేసి
మళ్లీ తీశాను.