ఒంటికన్ను

ఏర్పేడు ల్యాబు, రాత్రి పదకొండు.
మా సెన్సరుకు ఒకటే పిక్సెలు.
బొమ్మ తెలీదు దానికి,
పడిన వెలుగెంతో చెబుతుంది, అంతే.

"ఒంటికన్నుకు ఏం కనిపిస్తాది మేడమ్?"
వాచ్‌మన్ మునెయ్య నవ్వాడు.

జల్లెడ మార్చి మార్చి అడిగాను.
ఈ బొక్కల్లోంచి ఎంత? ఈసారి ఎంత?
నాలుగొందల అరవై జవాబులు,
అన్నీ ఒట్టి అంకెలు.
లోకం చాలామటుకు ఖాళీయేనని నమ్మి
లెక్కను వదిలాను.

తెల్లారగట్ల తెరమీద తేలింది
మామండూరు ఎర్రచందనం కాయ,
గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్క,
నడుమ గింజ ఉబ్బు.

మునెయ్య టీ గ్లాసు పక్కనపెట్టి వంగాడు.
"ఈ పక్క పురుగు కొరికిండాది.
నేనే కదా ఏరుకొచ్చింది. యాడ పోయింది?"

ఖాళీ అనుకుని లెక్క తుడిచేసింది
ఆ గాటునే.

దీపం మళ్ళీ వేశాను.
ఇంకో వంద జల్లెళ్ళు.