బొటనవేలు

ఇకపుయీ తీరాన సాయంత్రం ఐదు.
తెప్పలన్నీ ఒడ్డెక్కేశాయి. మిగిలింది ఒక గాడిద,
ఎవరిదో.

తొమ్మిది మీటర్ల గాలిపటాన్ని
ఇవానీల్డా పక్కవాటుగా పడుకోబెట్టింది,
గాలికి సూటిగా కాదు, గాలి అంచున.
రెక్క కొస మడిచి, దానిమీద
రెండు దోసిళ్ల ఇసుక. మూడోది వద్దు,
లేవాలనుకున్నప్పుడు లేవాలి కదా.

నాలుగు తాళ్లూ తడుముకుంటూ వెనక్కి నడిచింది.
వేలికి చుట్టుకోకు, అనేవాడు అన్న డోర్జివాల్,
సగమే మిగిలిన చూపుడువేలు చూపిస్తూ.

నడుముకి కొక్కెం. విడుపు మీట ఎక్కడుందో
చూడకుండా ముట్టుకుంది, ఒకటికి రెండుసార్లు.
ఇంకో అడుగు.
బుస్సున నిండింది గుడ్డ. ఇసుక జారింది.
పటం ఒంటిరెక్క మీద నిలబడి
"ఏమంటావ్?" అన్నట్టు వణికింది.

అలవాటుకొద్దీ బొటనవేలు పైకెత్తింది తను.
ఆ చివర పట్టుకుని ఎవరూ లేరు.
అన్న ఇప్పుడు దిబ్బల వెనక
గాలిమరలు ఎక్కుతున్నాడు, నెలజీతానికి.
గాడిద చెవి ఊపింది.
సరే, అదే చాలు.

గంటసేపు ఉప్పు, ఎగురు, ఉప్పు.

దిగడంలోనే ఉంది పని.
పటాన్ని పక్కకి, కిందికి,
ఇసుక తాకేంత కిందికి తెచ్చి
మీట నెట్టేసింది.
గాలికి వదిలేయడమంటే ఇన్నాళ్లూ
పట్టించుకోకపోవడమనుకుంది.
ఒక్క తాడు బిగువు, మిగతావన్నీ వదులు.
అంత బలమూ ఆరేసిన దుప్పటిలా
టపటప కొట్టుకుంటోంది.
ఆ ఒక్క తాడే పట్టుకు పోయి,
బోర్లా తిప్పి, మళ్లీ ఇసుక.

దిబ్బ వెనక ఏదో మర మీద ఎర్రదీపం.
అన్న ఎక్కినదో, కాదో.
తాళ్లు చుడుతోంది
కడ్డీకి. వేలికి కాదు.