పిరంగోళ్ళు

మా ఇంటిపేరు పిరంగి.
కోయిల్‌కొండ ఖిల్లా మీద, ఆఖరి దర్వాజ పక్కన
తుప్పు పట్టిన తోపు ఒకటి
పడమటికి నోరు తెరిచి పడుకుని ఉంటుంది.
దాన్ని పోతపోసింది మన ముత్తాతల తాతేనని
మా తాత మోనాచారి చెప్పాడు,
ఆయనకు వాళ్ళ తాత.
బడిలో పిల్లలు నన్ను "ఢాం" అని పిలిచేవాళ్ళు.
నేను పలికేదాన్ని.

మూడేండ్లకోసారి రుంజవాళ్ళు వచ్చేవాళ్ళు.
వాకిట్లో రుంజ మోగితే పందిరి గుంజలు వణికేవి.
కొలిమి ముందు నిలబడి ఆ పెద్దాయన
మా వంశాన్ని కిందినుంచి పైకి ఎక్కేవాడు:
మోనాచారి, వాళ్ళ నాయిన వీరోజు,
నాగోజు, లచ్చోజు, ఇంకో నాగోజు,
దేగోజు.
అక్కడ ఆగి మంచినీళ్ళు అడిగేవాడు.
తాగాక నేరుగా విశ్వకర్మ దగ్గర తేలేవాడు.
నడుమ మెట్లేవని ఎవరూ అడగలేదు.
కుంచెడు జొన్నలిచ్చి అంతకన్నా అడగడం మర్యాద కాదు.

నేను పాలమూరు పెద్దాసుపత్రిలో రక్తం తీస్తాను.
రోజుకు ఎనభై చేతులు.
ఎవరికీ దొరకని నరం నాకు దొరుకుతుంది.
దేగోజు వెనక మనిషే దొరకలేదు.

పరీక్ష డబ్బీ తెప్పించాను.
మగవాళ్ళ ఉమ్మి కావాలన్నారు,
తండ్రి నుంచి కొడుక్కి
చెక్కుచెదరకుండా దిగే గుర్తు ఒకటి ఉంటుందట.
నాలో అది లేదు.
పెదనాయిన కనకాచారి దగ్గరికి పోయాను.
"ఉమ్మితే వంశం తెలుస్తదా బిడ్డా?
గట్లయితే ఈ కొలిమి బూడిదల చూస్కోరాదు,
అరవై ఏండ్ల ఉమ్మి ఉన్నది."
నవ్వి, తంబాకు పుక్కిలించి,
గొట్టంలో గీత దాకా ఉమ్మాడు.

ఏడు వారాలకు వచ్చింది కాగితం.
రంగురంగుల పటం.
స్పెయిన్.
దక్షిణం కొసన, సముద్రం ఒడ్డు.
అక్కడ ఒక బస్సు డ్రైవరుకూ మా పెదనాయినకూ
ఎన్నో తరాల కింద తండ్రి ఒక్కడేనట.

రాత్రి డ్యూటీలో ఆ మాటను నాలుక మీద తిప్పుతూ కూర్చున్నాను.
పిరంగి. పరంగి.
తోపునూ అదే మాటన్నాం,
ఓడ దిగినవాణ్ణీ అదే మాటన్నాం.
ఇన్నేండ్లూ మేము తోపు వైపే చూశాం.
ఆ దేశంలో దియేగో అని పేరుంటుందట.
దానికి ఒక ఓజు అతికిస్తే...
ఏమో,
నాకు కావలసినట్టు వింటున్నానేమో.

ఏ నవాబు పటాలంలో జీతానికి వచ్చాడో,
ఆ జీతం రాకనే ఆగిపోయాడో,
జ్వరమో, పరారో.
కృష్ణ దాటితే ఒక దొర, దాటకపోతే ఒక దొర.
ఆ అంచు మీద మనిషిని ఎవరు లెక్క రాసుకుంటారు?

కానీ ఎవరో ఒకామె తలుపు తీసింది.
కమ్మరింటి మనిషి.
జొన్నరొట్టె పెట్టి, తిత్తి తాడు చేతికిచ్చి
"ఊదు" అని ఉంటుంది.
వాడు నేర్చిన మొదటి తెలుగు మాట అదే కావచ్చు.
కులం ముందు ఎన్ని మాటలు పడిందో.
ఆమె పేరు రుంజ పాటలో లేదు,
గొట్టంలో లేదు,
పటంలో ఆమె ఊరికి ఎవరూ రంగు వెయ్యలేదు.
వెతకబోయింది అతన్ని.
ఇప్పుడు నిద్ర పట్టనిది ఆమె వల్ల.

ఆదివారం పెదనాయినకు చెప్పాను.
కొలిమిలో గొడ్డలి కాగుతోంది.
చాలాసేపు ఏమీ అనలేదు.
ఎర్రబడ్డ ఇనుమును దాగలి మీదికి తెచ్చి,
"దేశం ఏదైతేంది గని,
ఆడ తుమ్మబొగ్గు దొరుకుతదా?" అన్నాడు.
తెలియదన్నాను.
"అడుగు మల్ల ఆ డ్రైవర్‌ను"
అని సుత్తె ఎత్తాడు.