కవర్

మార్చి ఇరవై మూడు. గుణుపురం.
ఇంకా పదకొండు పాలసీలు కావాలి నాకు.
సంతకాలైనా సరే, వేలిముద్రలైనా సరే,
ఇంకు ప్యాడ్ సంచీలోనే ఉంది.

ఆ పదకొండూ పడితే
రాయగడలో మీటింగు, శాలువా,
మెడలో దండతో ఒక ఫొటో.
మన గోడ మీద దండేసిన ఫొటోల్లో
ఊపిరున్నది నీదొక్కటే అవుతుందిలే అని
మా ఆయన నవ్వుతాడు.
నేను నవ్వను.
ఆ ఫొటో కోసం ఏడేళ్లలో
స్కూటీకి మూడు జతల టైర్లు అరగదీశాను.

ఆశ తప్పని ఎవరన్నారు?
మా అమ్మ ముప్పై ఏళ్లు అప్పడాలు ఒత్తింది.
ఆ పొట్లం మీద షావుకారు పేరుండేది,
దేవుడి బొమ్మ ఉండేది, అమ్మ పేరు లేదు.
నా పేరు బ్రాంచి బోర్డు మీద ఉంటుంది
ఒడియాలో గుండ్రంగా,
ఇంగ్లీషులో ఒక అక్షరం తక్కువగా.
తెలుగులో నేనే రాసుకుంటాను,
పాఢీబాబు టీకి వెళ్లినప్పుడు, సుద్దముక్కతో,
కాంచనమాల అని, దీర్ఘంతో సహా.

సుభాసినీ అపా వరండాలో
రోజూ ఏడింటికి బల్బు కిందికి దించుతారు.
క్యారమ్ బల్ల, బోరిక్ పౌడరు, గిన్నెలో మరమరాలు.
నా చోట నేను కూచుని ఎనిమిది నెలలైంది.
అక్కడిప్పుడు అపా మనవడు కూచుంటాడట.
వాడు వేళ్లతో కన్నా నోటితో ఎక్కువ ఆడతాడట.
ఈ వార్తలన్నీ నాకు గోడవతల నుంచి
కాయల చప్పుడులోనే తెలుస్తాయి,
నేను ప్రీమియం లెక్కలు కూడుతుండగా.

ఈరోజు పుట్టాసింగి సంతకి పోయాను.
కొండచీపుళ్ల కట్టల మధ్య సుంబారి.
వయసు అడిగితే
కొండ కాలిన ఏడాదికి ముందు పుట్టానంది.
ఆ వయసు ఫారంలో పట్టదు.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
అయినా నేను మొదలెట్టాను, అలవాటు కదా,
నువ్వు పోతే రెండు లక్షలొస్తాది అమ్మా.

ఆమె సగం ఒడియా, సగం తెలుగు కలిపి అడిగింది:
నాను పోతే రెండు లచ్చలు. బాగుంది.
పోకపోతే?

పోకపోతే పదిహేనేళ్లకి...

అది కాదే పిల్లా,
ఈ సాయంత్రం పోకపోతే?

ఫారం తిప్పి చూశాను.
నామినీ ఉంది, తండ్రి పేరుంది,
ఎడమచేతి బొటనవేలికి గడి ఉంది.
ఈ సాయంత్రానికి గడి లేదు.
ఆమె చింతపండు పిక్క తీసి ఇచ్చింది.
పులుపుకి నా కన్ను మూసుకుంటే
పక్క దుకాణాలవాళ్లంతా నవ్వారు.

ఘాటీ దిగుతుంటే దూరాన వంశధార,
ఇసకే ఎక్కువ, మధ్యన సన్నటి నీరు.
మలుపులో సిగ్నల్ వచ్చింది,
పాఢీబాబు మిస్డ్ కాల్స్ ఆరు.
ఏదో అర్థమైపోయిందని చెప్పను.
ఆకలేసింది, అంతే.
ఇంటి ముందు బండి ఆపితే
గోడవతల కాయల చప్పుడు.

జరగరా బాబూ, అన్నాను మనవడితో.

గోరు మొద్దుబారింది. మొదటి మూడు దెబ్బలూ
బల్లకి కాదు, నాకే తగిలాయి.
నాలుగోదానికి, ఎలాగో తెలీదు,
ఎర్రకాయ గుంటలో పడింది!
మరమరాలు ఎగిరాయి. అపా లేచి నిలబడింది.
కవర్! కవర్! అని అందరూ అరుపులే.
పొద్దంతా నేనమ్మే మాట
అంత ఆనందంగా ఎవరూ అరవగా వినలేదు.

సంచీలో ఫోను గునుస్తోంది.
గురి చూశాను. ఊపిరి బిగబట్టాను.
తెల్లకాయ తిన్నగా పోయింది,
గుంట అంచు మీద
ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు అన్నట్టు
ఆగిపోయింది.

రాణి తిరిగి నడిమికొచ్చింది.
అపా పౌడరు చల్లింది.
ఇంకా పదకొండు కావాలి.
పొద్దున్నే పద్మపురం వైపు పోవాలి.

ఆట ఎవరిదిప్పుడు?